ముత్యాల కంపెనీలో నా మూడో వంతు

నా పేరు మెరెవాలెసి తుయినసావు. వయసు నలభై ఏడు. ఫిజీలో సవుసవు అఖాతం ఒడ్డున ఉంటాను. వృత్తి పడవ నడపడమని పోలీసు అధికారి రాసుకున్నారు. ముత్యాల కంపెనీలో వాటాదారునని కూడా రాయమన్నాను. రాశారు.

ఆ కంపెనీని నేను, నా పినతండ్రి కొడుకు ఇసిరెలి, మా మేనత్త కలిసి పెట్టాము. తలా మూడో వంతు. మా నాన్న పడవే నా పెట్టుబడి. మేనత్త పోయాక ఆమె వాటా ఇసిరెలికి వచ్చింది. డైరెక్టరు అతనే. ఆల్చిప్పలను తాళ్లకు కట్టి నీళ్లలోకి దింపి, ముత్యం ఎదిగేదాకా ఆగేవాళ్లం. ఆ రోజుల్లో నాకు నిద్రలో కూడా చిప్పలు తెరుచుకుంటున్న చప్పుడు వినిపించేది. ఇప్పుడు మా దగ్గర పన్నెండు మంది పనిచేస్తున్నారు.

పోయిన మంగళవారం బజారులో చేపలమ్మే సేరా నన్ను పిలిచింది.

"ఏమే, మీ కంపెనీకి ఆక్లాండ్ నుంచి కొత్త దొర వస్తున్నాడటగా! ఇక మా వలలు ఎండేసుకోవడమేనా?"

నాకేమీ తెలియదన్నాను.

"వాటాదారువి, నీకే తెలీదా? బాగుంది సంబడం!"

ఇంటికి పోకుండా ఇసిరెలి దగ్గరికి వెళ్లి అడిగాను.

"నీ షేర్లు ఎక్కడికీ పోవక్కా. నీవి నీకే ఉంటాయి. కొత్తవి ఇంకో అన్ని పుట్టిస్తున్నాం, అంతే. కంపెనీ పెరగాలి కదా" అన్నాడు.

"ఉన్నవెన్నో అన్ని కొత్తవి పుట్టిస్తే నా మూడో వంతు ఆరో వంతైపోదూ? వచ్చిన చుట్టానికల్లా యంగోనా వేరు కషాయంలో నీళ్లు పోస్తూ పోతే గిన్నె నిండుతుంది గానీ, నాలుక తిమ్మిరెక్కదురా" అన్నాను.

అతను నవ్వాడు. ఫోను మోగితే తీసుకుని బయటికి వెళ్లాడు.

మా కంపెనీలో పెద్ద నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. మూడో వంతు ఉన్నంతకాలం నేను వద్దంటే ఆగుతుంది. ఆరో వంతుతో ఆగదు. పగడపు దిబ్బ పక్కనున్న కాలవకు కంచె వేద్దామని ఇసిరెలి ఎప్పటినుంచో అంటున్నాడు, నేను వద్దంటున్నాను. సేరా వాళ్లు వల వేసుకునేది అక్కడే. కొత్త షేర్లు డైరెక్టరే పుట్టించొచ్చు గానీ, వాటిని ముందుగా పాత వాటాదారులకే ఇవ్వజూపాలన్నది కూడా మా నిబంధనే. నన్నెవరూ అడగలేదు.

గురువారం ఉదయం ఆక్లాండ్ నుంచి వచ్చిన హెడ్లీ గారిని, ఇసిరెలిని చిప్పల తోట చూపించడానికి పడవలో తీసుకెళ్లాను. ఒడ్డుకు వెళ్లగానే సంతకాలని ఇసిరెలి ఆయనతో అంటుంటే విన్నాను. అఖాతం మధ్యలో ఇంజను ఆపి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకున్నాను. పాడైందని చెప్పలేదు. నేనే ఆపానన్నాను.

గాలి లేదు. ఆకాశం ఎక్కడ అయిపోయిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. హెడ్లీ గారు బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకున్నారు, ఎందుకో తెలియదు. ఒక తాబేలు పైకొచ్చి, మమ్మల్ని చూసి, ఊపిరి తీసుకుని మునిగిపోయింది. పడవ తనంతట తానే మెల్లగా తిరుగుతోంది. కింద మా తాళ్లు, తాళ్లకు చిప్పలు, చిప్పల్లో ఇంకా ముత్యాలు కాని ముత్యాలు. మా మేనత్త ఆ నీళ్లలో వెల్లకిలా తేలుతూ పాడుకుంటున్నట్టు అనిపించింది.

చివరికి ఇసిరెలి, "పరువు తియ్యకక్కా. ఇంజన్ వెయ్యి" అన్నాడు.

"నన్ను అడిగావా?"

హెడ్లీ గారు తల తిప్పారు. "అడిగితే మీరు కొననన్నారని చెప్పాడే?"

"నన్ను అడిగావురా?"

ఇసిరెలి నీళ్లలో చెయ్యి పెట్టి చాలాసేపు ఆ చేతినే చూసుకున్నాడు. "లేదు. అడిగితే అడ్డం పడతావని. నువ్వు కాలవ గురించి ఆలోచిస్తావు. పన్నెండు మందికి జీతాలెక్కడినుంచి తేవాలో నేను ఆలోచించాలి. నాకు నిద్ర పట్టి ఎన్నాళ్లయిందో తెలుసా నీకు?"

అతను చెప్పింది నిజం. అది కూడా రాయమని అధికారిని కోరాను.

"ఆ మాట నాతో చెప్పుకుంటే పోయేదిగా" అని ఇంజను వేశాను.

ఒడ్డున హెడ్లీ గారు సంతకం పెట్టలేదు. "ముందు ఈమెకు ఇవ్వజూపండి. మిగిలితే నేను తీసుకుంటాను" అని, బూట్లు చేత పట్టుకుని ఇసకలో నడిచి వెళ్లిపోయారు. ఇసిరెలి నేరుగా ఈ స్టేషనుకు వచ్చి, నేను వాళ్లను నిర్బంధించానని ఫిర్యాదు ఇచ్చాడు. తాళంచెవి నా దగ్గరే ఉన్నమాట నిజం. ఎవరినీ తాకలేదు, బెదిరించలేదు. పడవలోనే కొబ్బరి బొండాలు కొట్టి ఇచ్చాను. ఇద్దరూ తాగారు.

కొత్త షేర్లు కొనేంత డబ్బు నా దగ్గర లేదు. సేరా వాళ్లు తలా కొంత వేస్తామంటున్నారు. "నీ పేరునే కొనవే, మా కాలవ మాకుంటే చాలు" అంటున్నారు. నాలుగో వంతుకు మించి నిలబడితే చాలు. అంతవరకు వస్తుందో రాదో తెలియదు. నా వాటా తగ్గితే తగ్గుతుంది. నన్ను అడిగాక తగ్గాలి.

ఈ కాగితాన్ని అధికారి నాకు నిదానంగా చదివి వినిపించారు. "నువ్వు చెప్పింది ఇదేనా? ఏమైనా మార్చాలా?" అన్నారు. కంపెనీ పెట్టినప్పటి నుంచి, నా పేరున్న ఏ కాగితం గురించీ నన్ను ఈ మాట అడిగినవారు లేరు. మళ్లీ ఒకసారి చదవమన్నాను. చదివారు. మార్చేదేమీ లేదు. ఇందులో ఉన్నదంతా నిజం.

(సంతకం) మెరెవాలెసి తుయినసావు