అక్క అర్రకు లైను

కోరుట్లలో వీరేందర్ ఇల్లు. సోలార్ ప్లేట్లు మిద్దె ఎక్కాయి, బ్యాటరీని మాత్రం తెచ్చి అక్క సరోజన గదిలో, ఆమె మంచం పైన గోడకు తగిలించారు. ముక్కుకు ఆక్సిజన్ మిషన్ గొట్టం పెట్టుకుని సరోజన ఆ మంచం మీదే కూర్చుంది. ఆమెకు తమ్ముడంటే ప్రాణం, మరదలు నవనీత అంటే అంతంత మాత్రం. బిగించడానికి వచ్చిన అరుణ్ పనిముట్లు సంచిలో వేసుకుంటున్నాడు.

"పోదువు తియ్యి కొడుకా, ఏమంత తొందర? మీ ఊరు తంగళ్ళపల్లి ఎటూ పోదు. మెయిన్ బంద్ చేసి ఒక్కసారి చూపెట్టు."

"అన్నీ చూసిన పెద్దమ్మా. ఫ్రిజ్ నడుస్తాంది, ఏసీ నడుస్తాంది, హాల్ల ఫ్యాన్లు నడుస్తున్నయి..."

"ఫ్యాన్లు నాకెందుకు? నా మిషన్ నడుస్తదా అని అడుగుతున్న."

"కరెంటుంటే నడుస్తది గదా."

"కరెంటుంటే నడిచేదానికి గీ డబ్బా ఎందుకు? పోయినప్పుడు నడువాలె. మిషన్ ఆగొద్దని జగిత్యాల డాక్టర్ గట్టిగ చెప్పిండు. మొన్న గాలివానకు కరెంటు పోతే సచ్చి బతికిన. తమ్ముడు వీరు నా అరికాళ్లు రాసుకుంట కూసున్నడు పాపం. గప్పుడే అన్నడు, అక్కా, నీ కోసం సోలార్ పెట్టిస్త అని."

"మా సార్ కాడికొచ్చి గూడ గదే చెప్పిండు. మా అక్కకు ఊపిరాడదు, జెల్ది పెట్టుండ్రి అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. అందుకే మీ పని ముందుగాల పట్టుకున్నం."

"ఏడ్చిండా? చూసినవా మరి! వాన్ని నేను బీడీలు చేసి సాదిన. అమ్మ పోయేటాళ్లకు చిన్న పోరడు. నా చాట పక్కన్నే పండుకునేటోడు. ఆ తంబాకు దుమ్ముకే నాకీ దమ్ము పట్టుకున్నది. అయినా రంది లేదు. తమ్ముడు నా కోసం సోలార్ పెట్టించిండని వాడకట్టంత చెప్పుకున్న. పక్కింటి బుచ్చవ్వయితే ఏడ్చింది, నాకు గిసొంటోడు లేకపాయెనని."

"నేను పోయి రేపొస్త పెద్దమ్మా."

"మెయిన్ బంద్ చెయ్యి."

"ఎందుకు పెద్దమ్మా, ఊకె..."

"నాకు లేని భయం నీకెందుకు? జర సేపట్ల ఏం గాను. చెయ్యి."

"సరే. గొట్టం తియ్యకుండ్రి. చేసిన."

"అగో, హాల్ల ఫ్యాన్ తిరుగుతాంది. టీవీ గూడ... అరుణ్, నా మిషన్ కూస్తాంది. ఆగింది. అరే, ఆగింది!"

"వేసిన, వేసిన, మెయిన్ వేసిన! మెల్లగ గాలి తీసుకోండ్రి. గట్లనే. వచ్చిందా?"

"వచ్చింది... డబ్బా నా నెత్తి మీదున్నది. నాకు కరెంటు రాదా?"

"మీ అర్ర సల్లగుంటది, ఎండ పడదు. బ్యాటరీకి గట్లుంటేనే మంచిగ..."

"నేనడిగింది అది కాదు. వైరు మర్చిపోయినవా?"

"లేదు."

"మరి?"

"నన్నడుగకుండ్రి. మీ ఇంటి ముచ్చట మీది."

"సమజైంది. నవనీత చెప్పింది. ఆమె అర్రల ఏసీ నడిస్తే సాలు, నేనేమన్న గానీ. వచ్చిన కాడికెళ్లి గంతే. నేను దగ్గితే తలుపేస్తది."

"నవనీతక్కను ఏమనకుండ్రి పెద్దమ్మా."

"ఎందుకనొద్దు? నా తమ్ముడు గసొంటోడు కాదు. వానికి ఎరుకనే ఉండదు. ఆగు, బండి చప్పుడైతాంది. వీరూ! ఇటు రా!"

"ఏందక్కా? అరుణ్, ఇంక పోలేదా నువ్వు?"

"నా అర్రకు లైను లేదట వీరూ."

"ఎవరన్నరు? అరుణ్, నువ్వేనా?"

"నేనేమనలే అన్నా. పెద్దమ్మనే మెయిన్ బంద్ చేపిచ్చింది."

"ఆమె చెయ్యమంటే చేస్తవా? ఏమన్న అయితే?"

"నాకేమన్న అయితదనే గదా పెట్టిచ్చినవు. ఎందుకు లేదో చెప్పు."

"అది... లోడు పడదక్కా. నీ మిషన్ రాత్రంత గుంజుతది."

"ఏసీ గుంజదా?"

"ఏసీ అంటే... గివన్ని నీకెందుకక్కా? సిలిండర్ ఒకటి తెచ్చి పెడుత తియ్యి."

"నా మొఖం చూసి చెప్పు. లైను లేదని నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎరుకుండి ఊకున్నవా?"

"ఏం జెయ్యాలె మరి? నవనీత పట్టు పట్టింది. ఏసీ లేకుంటే నిద్ర పట్టదంటది. దినాం లొల్లి. ఆమెతోని నేను పడలేకపోతున్న అక్కా, నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెందుకు తండ్రీ? నీ సంగతి నేనెరుగనా? ఒక్క నిమిషం నా పానం ఎటో పోయింది, నువ్వే చేసినవేమో అని. నువ్వు కాదు గదా, గంతే సాలు. కండ్లు తుడుసుకో. అరుణ్, విన్నవా? నేను చెప్పలే?"

"విన్న పెద్దమ్మా."

"తల దించుకుంటవేంది?"

"ఏం లేదు."

"రానీ దాన్ని. నా ఊపిరి తీసి నీకు ఏసీ పెట్టుకుంటవానే అని అడుగుత."

"వద్దక్కా! నువ్వేమడుగకు. అడిగితే ఇంక పెద్దగైతది. నేను మెల్లగ చెప్పుకుంట. అరుణ్, నువ్వు నడువు, పొద్దుపోతాంది."

"ఆగు అరుణ్. గేటు చప్పుడైంది, ఆమెనే. నవనీతా! ఇటు రా, నా ముందట నిలబడు!"

"వస్తున్న వదినె, చెప్పులు ఇడువనియ్యి. అరుణ్ ఉన్నడా లోపట? అరుణ్, మా అర్రల ఏసీ లైను తీసేసి వదినె మిషన్‌కు గుంజుమని పొద్దుగాల చెప్పిపోయిన గదా, మీ అన్న మళ్ల వద్దంటే ఇనకు అని గూడ చెప్పిన గదా... గుంజినవా?"