నల్లబడ్డ సత్తు తపేలా

హలో… ఆఁ, నేనే. పద్మిని టీచర్ని, ఆస్టినాబాద్ నుంచి…

సారా దీదీయేనా?… హోటల్లోనే ఉన్నారా, ఆదివారం కూడా?… అచ్ఛా, చేతులు తుడుచుకోండి, ఆగుతాను…

మీ అమ్మాయి లవీనా ట్యూషన్‌కి రావట్లేదు కదా, అందుకని… జ్వరమా? మూడు వారాల నుంచీ జ్వరమని చెప్పిందా మీతో?…

ఇప్పుడెక్కడుంది?… మీ పక్కనేనా… తను కూడా అంట్లు తోముతోందా?…

లేదు, ఏం లేదు… ఒక్కసారి ఫోన్ ఇస్తారా?… మాట్లాడనంటోందా. వద్దులెండి, బలవంతం చెయ్యకండి. స్పీకర్ పెట్టండి, చాలు.

దీదీ, పదకొండో క్లాసులో ఆర్ట్స్ అని ఫారం నింపేసిందట కదా, దానితో చదివే ఉమేష్ చెప్పాడు. రేపే ఇవ్వాలట… ఏమంది మీతో? సైన్సు తన బుర్రకెక్కదనా…

ఆ మాట దానిది కాదు. నాది.

క్యా బోలూఁ దీదీ, ఏమని చెప్పను… మొదట్నుంచీ చెప్తాను.

ఆక్సైడ్లని ఒక పాఠం. లోహం గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది క్షారం… నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుందే, ఆ సున్నంలాగ. గంధకం లాంటివి కాలిస్తే వచ్చేది ఆమ్లం, పులుపు జాతి. ఇరవై ఏళ్ళుగా ఒకటే నోట్సు, అదే చెప్తున్నాను.

పరీక్షలో అడిగాను, అల్యూమినియం… అదే, మన సత్తు… దాని ఆక్సైడ్ ఏ జాతి అని. అందరూ క్షారమని రాశారు. లవీనా 'రెండూ' అని రాసింది. కింద ఇంకా రాసింది… 'మా అమ్మ సత్తు తపేలాలో పులుసు నిలవ ఉంచదు, గిన్నెని తినేస్తుందని. బట్టల సోడా వెయ్యదు, అదీ తినేస్తుందని. రెండిటికీ లొంగుతోంది కాబట్టి రెండూ' అని.

…ఆఁ, మీరు చెప్పిందే.

నవ్వకండి దీదీ. నేను సున్నా వేశాను.

వేసి ఊరుకోలేదు. అందరి ముందూ పేపరు చదివి… అన్నాను…

ఏమన్నానంటే… ఒక్క నిమిషం…

'సైన్సు నీ బుర్రకెక్కదు. అంట్లు తోమేవాళ్ళ కబుర్లు తోమే దగ్గరే చెప్పుకో, నా క్లాసులో కాదు' అన్నాను. పిల్లలు నవ్వారు. నేను ఆపలేదు.

…

ఎప్పుడనా?… మూడు వారాల కిందట, దీదీ.

…మీకు చెప్పలేదా అది. జ్వరమని మాత్రమే…

పోయిన ఆదివారం మా ఇంట్లో పప్పు మాడింది. సత్తు తపేలాలో వేడినీళ్ళు పోసి, బట్టల సోడా వేసి నానబెట్టాను. బుసబుసా పొంగింది. కాసేపాగి చూస్తే లోపలంతా నల్లగా, వేలు పెడితే గరుగ్గా… అప్పుడు తీశాను పుస్తకం. నోట్సు కాదు, పుస్తకం. సత్తు మీద కంటికి కనపడని పొర ఉంటుంది, ఆ ఆక్సైడే. పులుపుకీ కరుగుతుంది, సోడాకీ కరుగుతుంది. పిల్ల రాసింది రాసినట్టే ఉంది. ఏటా ఆ పేజీ దాటేస్తున్నది నేను.

…అవును, వారమైంది తెలిసి. బుధవారం బోటెక్కి మీ బాంబూఫ్లాట్ వద్దామని చాతం జెట్టీ దాకా వచ్చాను. బోటు వెళ్ళేదాకా జెట్టీ మీద నిలబడి వెనక్కి వెళ్ళిపోయాను… సిగ్గేసి దీదీ. ఇంకేం కారణం లేదు.

నిన్న క్లాసులో చెప్పాను, తప్పు నాదేనని… దాని ముందు చెప్పలేదు కదా అంటారా… అవును. మీరన్నది నిజమే.

లవీనా, వింటున్నావా? సైన్సు రాయమని చెప్పే మొహం నాకు లేదు. ఆర్ట్స్ ఇష్టమైతే అదే రాయి. నేనారోజు అన్న మాట విని మాత్రం రాయకు.

…

మళ్ళీ తోమడంలో పడిందా. పోనీలెండి…

తపేలానా? ఉంది, అలాగే ఉంచాను… వద్దు దీదీ! మీ చేత తోమించుకోడానికా నేను ఫోన్ చేసింది… అయ్యో, బూడిదతో పోతుందంటారా…

ఎవరది, వెనకాల?… లవీనాయేనా? ఏమంటోంది?…

బూడిద కూడా క్షారమే, ఇంకా తినేస్తుందనా…

రైట్. రైటేనమ్మా.

హలో… లవీనా? నువ్వేనా?… ఆఁ, చెప్పు…

రానంటావా?… సరే. నా దగ్గరికి రాకపోయినా పర్లేదు. ఇంకెవరి దగ్గరైనా చదువుకో. అమ్మతో నేను మాట్లాడతాను, మంచి టీచర్ని చూసి…

ఏంటి?… ఫారంలో ఆర్ట్స్ కొట్టేసి రాస్తే తీసుకుంటారా అనా? తీసుకుంటారు. పక్కన అమ్మ చేత సంతకం పెట్టించు, అంతే… పెన్నుందా?…

ఆఁ, ఉంటాను… లవీనా, ఒక్క మాట. సంతకం ఇప్పుడే కాదు. అమ్మ చెయ్యి తడి ఆరనీ, కాగితం చిరిగిపోతుంది…