నూకాలు కుర్సీ

"మామ్మా, మా బడి తోటలోకి చిన్నమామ్మ వస్తాది కదా, నువ్వెందుకు రావు?"

సివరికి అడిగేవన్నమాట. కూకో. ఆ ఫోనక్కడెట్టు, రికాడు సేసుకుంటే సేసుకో, నాకేటి భయ్యం.

కుళ్లే, నాకు కుళ్లు. దాపరికం ఏటుంది? మీ బడోళ్లు పాతకాలం తోటని ఎట్టేరు గదా, తాటిసెట్లు, మొగలి పొదలు, తుమ్మసెట్లు, మజ్జిలో ఓ తెప్ప, ఎనకటి మా పేట ఎలాగుండీదో అలాగ. ఆ సెట్లకింద మీకు పాటం. బాగుంది. ఆ పాటం సెప్పడానికి మల్కాపురంలో ఇంకెవులూ లేనట్టు నా తోడికోడలు నూకాలుకి ఆటో పంపుతారా? దానికి కుర్సీ ఏత్తారా? గుంటలందరూ కింద కూకుని 'మామ్మగారూ' అంటారా?

అది సెప్పీదేటి? నూలువలలకి తుమ్మ బెరడు కాసి రంగెయ్యడం. ఒలే, నూకాలు కాపరానికొచ్చేసరికే నైలాను వలలొచ్చేసేయి! కాసింది నాను. ఉప్పునీటికి నూలు కుళ్లిపోద్ది గదా, అందుకని బానల్లో మరిగించీదాన్ని. బెరడు మోపు ముప్పావలా అప్పుడు, కాదు కాదు, అర్దరూపాయే, మీ తాత గట్టిగా బేరమాడీవోడు... ఏటి సెప్తన్నాను? ఆఁ, సేతులు. మోసేతుల దాకా ఎర్రగా ఉండీవి. పెళ్లిళ్లకెళ్తే కొంగుకింద దాసుకునీదాన్ని. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే మరి.

నన్నడగలేదా అంటే, అడిగేరు. ముందు నా గుమ్మంలోకే వచ్చేరు మీ టీచర్లు. కాగితాలట్టుకుని, ఇక్కడ ఎప్పట్నించి ఉంటన్నారు, ఎనకటి ఇల్లెక్కడ, అన్నారు. ఎనకట మా పేటని కాళీ సేయించినట్టే ఈ ఇల్లూ కాళీ సెయ్యమంటారనుకున్నాను. మాకేటీ తెల్దు బాబూ అనీసి తలుపేసేసేను. పక్కింట్లో నూకాలు టీ ఇచ్చింది. కుర్సీ దానికెల్లిపోయింది.

మొన్న శనివారం ఎవులికీ సెప్పకుండా వచ్చేను, తెలుసా నీకు? మొగలి పొద ఎనకాల నిలబడ్డాను. అందరి ముందరా దాన్ని కడిగేద్దామనే. అంతలో ఓ పిల్ల అడిగింది, మామ్మగారూ మీ చేతులు కాలలేదా అని. నూకాలు నవ్వింది. "నానెప్పుడు కాసేను తల్లీ? కాసింది మా అక్క. ఆ ఎర్రసేతుల్ని సూసే నానివన్నీ నేర్సుకున్నాను. దాన్ని రమ్మనాలంటే భయ్యం, కోపం మడిసి" అన్నాది.

సూసేవా దాని పని! నోరారా తిట్టుకోడానికి కూడా నాకేటీ మిగల్సలేదు. ఇంటికొచ్చి ఆ పూట కూడు తినలేదు. ఇప్పుడింకా కుళ్లుగా ఉంది.

మీ టీచరమ్మతో సెప్పు, ఈ శనివారం కుర్సీలు రెండెయ్యమను. నాది ముందుకి... వద్దులే, పక్కపక్కనే ఎయ్యమను. మాట మాత్రం ముందు నానే మాటాడతాను. సల్లగా బతుకు తల్లీ, ఎల్లి సదువుకో.