కుడివైపు తెగని అక్షరాలు

పవర్ ఇంకాస్త పెంచితే తెగుతుందేమో, లేక లేజర్ ట్యూబే పాతబడిందేమో అనుకుంటూ అతను చెక్క అక్షరాలు కోసే మిషన్ని మళ్లీ నడిపాడు. అక్క దాని గాజు మూత మీదికి వంగి చూసింది.

"ఎడమవైపు వెన్నలా తెగుతోంది. కుడివైపు మాడుతోందే గానీ తెగడం లేదురా."

"చెక్క మంచిది కాదక్కా."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! రేపు పొద్దున్నే ఆ అక్షరాలు బడికి ఇవ్వాలి. మొన్న మిషన్ని ఒక్కడివే ఈడ్చావు. లోపల కిరణాన్ని మళ్లించే అద్దం కదిలి, కుడివైపుకి వెళ్లేసరికి గురి తప్పుతోందేమో చూడు."

"కదల్లేదు."

"చూశావా?"

"చూడక్కర్లేదు."

"నన్ను పిలిస్తే ఓ చెయ్యి వేసేదాన్నిగా?"

"పిలిస్తే వారం రోజులు దెప్పుతావు."

"ఇప్పుడు మానానా?"

 అతను మిషన్ ఆపి, కిరణం ఎక్కడ పడుతోందో తెలియడానికి అద్దం మీద కాగితపు టేపు ముక్క అంటించాడు.