కానుపు ముందు నిద్ర

గుంటూరు ప్రయాణానికి కూతురు సంచీ సర్దుకుంటోంది. తల్లి గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"ఇంతకీ ఆ డాక్టర్లు ఏం చేస్తారే?"

"కడుపులోనే బిడ్డలు ఎందుకు పోతున్నారో పరిశోధన చేస్తున్నారమ్మా. నాలాంటి తల్లుల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఏడుపొస్తే ఏడవనిస్తారంట."

"ఏడవటానికి గుంటూరు దాకా బస్సెక్కాలా? ఇంట్లో కుదర్దా?"

"ఇంట్లో ఏడిస్తే నువ్వు లేచి బయటికి పోతావుగా."

తొడిమలు తీస్తున్న చెయ్యి ఆగిపోయింది. తల్లి ఇంకో మిరపకాయ అందుకుంటూ అడిగింది.

"బిడ్డ కదలటం ఎప్పుడు తగ్గిందని అడుగుతారా?"

"మొదట అదే అడుగుతారు."

"నేనన్నది చెప్తావా? కానుపు ముందు బిడ్డ నిద్రపోద్ది, ఆసుపత్రి ఎందుకు, నువ్వూ పడుకో అన్నానని?"

"చెప్తానమ్మా."

"మా అమ్మ నాకు అట్టాగే చెప్పిందే. నువ్వు బానే పుట్టావు కదా, నిజమే అనుకున్నా."

"తెలుసు. ఇంకో అమ్మ ఇంకో కూతురికి ఆ మాట చెప్పకూడదనే చెప్తా."

"నోరు రాకపోతే?"

"రాకపోతే నువ్వు చెబుదువు. నీ చీర సంచీలో అడుగున పెట్టా."

తల్లి చెయ్యి మొహం మీదికి పోయింది.

"ఆ కారం చేతుల్తో కళ్ళు తుడుచుకోకు. పోయి కడుక్కురా, బస్సుకి టైమయింది."

పోయిన ఫిబ్రవరిలో, మిరపకోతలప్పుడు, ఇదే సంచీ పట్టుకుని ఇద్దరూ కానుపుకు వెళ్ళారు. ఇద్దరూ తిరిగి వచ్చారు. బిడ్డ రాలేదు.