వెనక సీటు

నూజివీడులో ముసునూరు రోడ్డు మీద చిన్నరాయప్ప మెకానిక్ షెడ్డు. మామిడికాయ దిగే రోజులు. క్రీస్తుదాసు మాస్టారు భార్య లీదియాను వెనక కూర్చోబెట్టుకుని, బుల్లెట్ మీద ఒక చుట్టు తిరిగివచ్చి అప్పుడే ఆపారు.

“మెల్లగా దిగు లీదియా. నా భుజం పట్టుకో. ఆఁ... ఎట్లా ఉంది?”

“హాయిగా ఉందండీ.”

“నిజం చెప్పు.”

“నిజమే. దీన్నే తీసుకోండి.”

“గతుకు వచ్చినప్పుడల్లా నా చొక్కా పిడికిట్లో నలిపేశావు. హాయంట, హాయి! చిన్నరాయప్పా, నా దగ్గర చదువుకున్నవాడివి, నువ్వు చెప్పరా. వెనక కూర్చున్న మనిషికి ఏది సుఖం?”

“బుల్లెట్ ఏనుగండి మాస్టారూ. రోడ్డు బాగుంటే దాన్ని మించింది లేదు. నిదానంగా పోయారా, ఆ డుగుడుగు వెన్నులోకి పాకుద్ది. ఆ పక్కనున్న యెజ్డీ అట్లా కాదు, గుర్రం. స్ప్రింగులు నేనే మార్చా, మెత్తగా పోద్ది. కాకపోతే పెట్రోలు తాగుద్ది.”

“తాగనీ. మెయింటెనెన్సు?”

“బుల్లెట్‌కి ఓపిక కావాలండి. ఆదివారం ఆదివారం దాని దగ్గర కూర్చోవాలి. యెజ్డీకి ప్లగ్గు తుడుస్తూ ఉంటే చాలు. అసలీ పాత బళ్లెందుకండి? కొత్త హండ్రెడ్ సీసీలు వస్తున్నాయిగా. బుక్ చేస్తే ఆర్నెల్లలో...”

“ఆర్నెల్లా? వద్దు వద్దు.”

“పోనీ టాక్సీ...”

“టాక్సీ ఎక్కితే ఆ వాసనకే మీ అమ్మగారికి వాంతులు. బస్సా, ఈ సీజన్లో కాయల బుట్టల మధ్య నిలబడాలి. వారం వారం గుంటూరు వెళ్లి నొప్పికి ఇంజక్షన్ చేయించాలి కదా. మొన్న హెడ్మాస్టరు గారి స్కూటరు అడిగి తీసుకెళ్లా. మొహానికి గాలి తగిలేసరికి నిద్రపోయిందిరా, నా వీపుకి ఆనుకుని. మూణ్నెల్ల తర్వాత నిద్ర!”

“నిద్ర కాదు. కళ్లు మూసుకున్నానంతే.”

“గురక పెట్టావు.”

“ఛ! అతని ముందు ఏంటండీ ఆ మాటలు!”

“యెజ్డీ కూడా చూడండి మాస్టారూ. ముందు మీరొక్కరే పోయిరండి. ఈలోపు అమ్మగారు కాసేపు కూర్చుంటారు.”

“ఇదిగో దిండు, నడుం వెనక పెట్టుకో. ఇప్పుడే వచ్చేస్తా.”

యెజ్డీ చప్పుడు దూరమయింది.

“చిన్నరాయప్పా.”

“చెప్పండమ్మగారూ.”

“బుల్లెట్టే మంచిదని చెప్పు ఆయనకి.”

“మీరు ఓర్చుకోలేరమ్మా. ఒక్క చుట్టుకే చూడండి, ఎట్లా చెమటలు పట్టాయో.”

“నా సంగతి వదిలెయ్. కాలేజీ రోజుల నుంచి ఆయనకి ఆ బండంటే పిచ్చి. రోడ్డు మీద బుల్లెట్ పోతుంటే, బోర్డు మీద రాస్తున్నది ఆపి కిటికీలోంచి చూసేవారంట కదా?”

“చూసేవారండి. మేం వెనక బెంచీలో నవ్వుకునేవాళ్లం.”

“చర్చి నుంచి వచ్చాక ఆదివారం ఆయనకో పనుండాలి. దాన్ని విప్పుకుంటూ, తుడుచుకుంటూ కూర్చుంటారు. లేకపోతే గోడకేసి చూస్తూ కూర్చుంటారు. నాకు తెలుసు ఆయన సంగతి.”

“అవేం మాటలమ్మా! మీకు తగ్గిపోద్ది. గడ్డకి కరెంటు పెట్టడం కూడా ఆపేశారంటగా.”

“ఆపేశారు. రెండు రకాల వాళ్లకే ఆపుతారని ఆస్పత్రి ఆయా చెప్పింది. నయమైన వాళ్లకీ... నాకు నయం కాలేదు చిన్నరాయప్పా.”

“మాస్టారితో అన్నారా అమ్మా?”

“ఆయనకి తెలీదు. నయమవుతోందనే అనుకుంటున్నారు. అట్లాగే అనుకోనీ. యెజ్డీని ఇంకెవరో అడిగారని చెప్పు, చాలు.”

“నాచేత అబద్ధం ఆడించొద్దమ్మా.”

“చిన్న అబద్ధమే. పాపమంటే నాకే తగలనీ.”

“అది కాదమ్మా...”

“మరేంటి? ఇరవై ఏళ్లు నడుపుకునే బండి, ఆయన మనసుకి నచ్చింది కొనుక్కోవద్దా?”

“మాస్టారు కొనడానికి రాలేదమ్మా.”

“ఏంటీ?”

“పొద్దున్నే ఒక్కరే వచ్చారు. అద్దెకిస్తావా అనడిగారు. మీ ముందు మాత్రం కొంటున్నట్టే మాట్లాడమన్నారు.”

“అద్దెకా? ఎన్నాళ్లకి?”

“నన్నడగొద్దమ్మా.”

“ఎన్నాళ్లకి, చిన్నరాయప్పా?”

“ఒక్క నెలకి.”

“ఒక్క నెలకా...”

“అమ్మా, మంచినీళ్లు తెస్తానుండండి.”

“వద్దు. డాక్టరు ఆయనకి ఎప్పుడు చెప్పాడంట?”

“నేనడగలేదమ్మా. ఆ స్టూలు మీద కూర్చుని ఏడుస్తుంటే, ఏమని అడుగుతా?”

“అదుగో, వచ్చేస్తున్నారు. ముందు నీ కళ్లు తుడుచుకో.”

“లీదియా! పూలపల్లకీ అనుకో! గతుకులున్నట్టే తెలీలేదు. క్రిస్మస్‌కి మైలవరం మీ అక్కావాళ్లింటికి దీని మీదే పోదాం. ఆ మాటకొస్తే బుల్లెట్ హుందాతనం బుల్లెట్‌దే. చెప్పు, ఏది కొందాం?”

“యెజ్డీ.”

“ఇందాక బుల్లెట్టే అన్నావుగా?”

“అది మీకోసం అన్నానండీ. నెల రోజులే కదా, మెత్తటిదే తీసుకోండి.”