నలభై గుర్రాలు, యాభై గుర్రాలు

"నమ్మనివాడెవడైనా ఉంటే గ్లాసు కింద పెట్టి ఇప్పుడే లేచిపోండి. మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను!" అన్నాడు గేరు మామ, టీ కొట్టు బల్ల మీద ఓ కొస ఖాళీగా వదిలి కూర్చుంటూ.

ఆ కొస నెల్లాళ్లుగా ఖాళీ. అది ఆయన చెల్లెలి మొగుడు కూర్చునే చోటు. మామ ఎంత పెద్ద కోత కోసినా చివర్న "అబద్ధమైతే మా బావనడగండి" అనేవాడు. బావ టీ ఊదుకుంటూ తలాడించేవాడు. దాంతో అందరి నోళ్లూ మూతపడేవి. ఇప్పుడు తలాడించే మనిషి లేడు. ఎదురుగా మెకానిక్ షెడ్డు ముందు బావ నల్ల కారు మాత్రం ఉంది, దాన్ని తుక్కు కింద ఎత్తుకుపోవడానికి వచ్చిన లారీ పక్కన.

మామ అటు చూడకుండా గొంతు పెంచాడు.

"నా తెల్లదానికి యాభై గుర్రాల బలం. డీజిలు, నాలుగు గేర్లు. ఆ నల్లదానికి నలభై. పెట్రోలు, మూడే గేర్లు, అందులో రెండోది ముసలాడి మోకాలు, కదిపితే మూలుగుతుంది. కొండదారిన పందెం వేసుకున్నాం. మొదటి మలుపులోనే నేను నాలుగు బారలు ముందు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీరే చెప్పాలి మామా" అన్నాడు టీ కొట్టాయన మెత్తగా. ఆ మెత్తదనంలోని జాలి మామకి సూదిలా గుచ్చుకుంది.

"మూడో మలుపులో నా ముందద్దం మీద ఎండ, వెనకద్దం మీద వాన! స్పీడు ముల్లు చివరిదాకా పోయి, చుట్టూ తిరిగి, మళ్లీ సున్నా దగ్గరికొచ్చి దండం పెట్టింది. కొండ కింద నాకో తుమ్ము మొదలైందా, అది బయటికొచ్చేసరికి అవతలి ఊరి పొలిమేర! నేను కొట్టిన హారన్ మోత పడుతూ లేస్తూ పావుగంటకి చేరింది. ఊరంతా చూసింది, ముందు తెల్లది, వెనక నల్లది. అబద్ధమైతే మా..."

మాట అక్కడే తెగింది. అలవాటుగా పక్కకి చాచిన చేతికి బల్ల చెక్క తగిలింది.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ కాదనలేదు. "నిజమే మామా" అన్నాడు కరెంటు పనాయన తల దించుకుని. అంతకన్నా చెంపదెబ్బ నయం.

కారులో మిగిలిన సామాన్లు తీసుకోవడానికి షెడ్డుకొచ్చిన చెల్లెలు అప్పుడే రోడ్డు దాటి వచ్చింది. డిక్కీలోంచి తీసిన పాత తాడొకటి ఆ ఖాళీ కొస మీద పెట్టింది.

"గుర్తుందా అన్నయ్యా? ఐదో మలుపులో నీ తెల్లది పొగలు కక్కి చతికిలబడితే, ఆయన ఈ తాడు కట్టి మిగిలిన కొండంతా లాక్కొచ్చాడు. ఆయన పక్కన కూర్చున్నది నేనేగా! ఊరు కనబడగానే తాడు విప్పి, 'ఇక పల్లమే బావా, జారుకుంటూ నువ్వే ముందు పో' అన్నాడు. ఎక్కడా అనొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు."

"మరి ఇవాళెందుకన్నావమ్మా?"

"కాసేపట్లో ఆ నల్లదాన్ని ముక్కలు చేస్తారు. ఓడిపోయిన కారులా పోకూడదనిపించింది."

మామ తాడు ఒళ్లోకి తీసుకున్నాడు. ఒక కొసన ముడి ఇంకా అలాగే ఉంది, బిగుసుకుపోయి. చాలాసేపు దాన్ని వేళ్లతో తడిమాడు. లేచి నిలబడ్డాడు. ఈసారి గొంతు పెంచలేదు.

"అసలు కథ ఇప్పుడు వినండి. నలభై గుర్రాలు యాభై గుర్రాల్ని, వాటి మీద కూర్చున్న కోతలరాయుణ్ని కలిపి, మిగిలిన ఏడు మలుపులూ పైకి లాగాయి. లాగిన మనిషి గెలుపు తీసి ఓడినవాడి చేతిలో పెట్టి, ముప్పై ఏళ్లు ఇక్కడే కూర్చుని టీ ఊదుకుంటూ తలాడించాడు. ఇంత పెద్ద కోత ఎక్కడైనా విన్నారా? మీరు నమ్మరు. నేనైతే అస్సలు నమ్మను."

లారీ గొలుసులు బిగుసుకున్నాయి. నల్ల కారు ముందు చక్రాలు నేల వదిలాయి.

"సాక్షి కావాలా? ఇదిగో, మా చెల్లెలు."